బ్రూక్స్ పర్వతాలకు బయల్దేరే ముందు

చిరంజీవి సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

అలాస్కా కొండల్లో నడకకు నువ్వు పంపిన ప్లాను చూశానమ్మా. రోజుకు ఇరవై కిలోమీటర్లని వేసుకున్నావు. ఆ అంకె కొట్టేసి ఎనిమిదని రాసుకో. నేల బాగుంటే పది.

ఎందుకంటే గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ పార్కులో దారంటూ లేదు. 1980లో నేషనల్ పార్కు చేసినప్పుడు కూడా రోడ్డు వెయ్యలేదు, కాలిబాట తియ్యలేదు. అలాస్కా ఉత్తరాన తూర్పు పడమరలుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగే ఈ బ్రూక్స్ కొండలను దాటే రోడ్డు ఒక్కటే. చమురు పైపులైను కోసం 1974లో వేసిన డాల్టన్ హైవే అది. నువ్వు వెళ్ళేది దానికి దూరంగా, చిన్న విమానం దింపిన చోటు నుంచి.

అక్కడ కాళ్ళని తినేసేది ఎత్తు కాదు, లోయ అంచుల్లోని గడ్డి దుబ్బులు. చిన్నప్పుడు మన చేలో కోత అయ్యాక వరి మొదళ్ళ మధ్య బురదలో నడిచావుగా, ఆ మొదళ్ళు మోకాలిదాకా పెరిగి, కాలు పెట్టగానే పక్కకి ఒరిగిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వాటి మీద నడవబోకు, మధ్యలో నడిస్తే నీళ్ళు. వీలైనంత వరకూ నది పక్క గులకరాళ్ళ మేటలు పట్టుకుని పో, లేదా గట్టు మీదికి ఎక్కి నడువు. మ్యాపులో దూరం పెరిగినా సాయంత్రానికి నువ్వే ముందుంటావు.

మ్యాపును కూడా పూర్తిగా నమ్మకు. అంగుళానికి మైలు లెక్కన వేసిన ఆ పాత షీట్లలో ఎత్తు చూపే కాంటూరు గీతలు చాలా చోట్ల వంద అడుగులకు ఒకటి. రెండు గీతల మధ్య ఎనభై అడుగుల రాతిగోడ ఉన్నా కాగితం మీద కనపడదు. దిక్సూచి ముల్లు కూడా అసలు ఉత్తరానికి పది డిగ్రీలకు పైగా తూర్పుకు తిరిగి ఉంటుంది, సరిచేసుకో.

నా అసలు భయం నీళ్ళ గురించే. నేల కింద ఏడాది పొడవునా గడ్డకట్టిన పొర ఉంటుంది కాబట్టి వాన ఇంకదు, నేరుగా వాగులోకి దిగుతుంది. పొద్దున పిక్కలోతు ఉన్న వాగు సాయంత్రానికి నడుము దాకా రావచ్చు. వీలైతే తెల్లవారుజామునే దాటు. నది పాయలుగా చీలిన వెడల్పాటి చోటు చూసుకో. సంచీ నడుము బెల్టు విప్పేసి దిగు. మంచు కరిగిన నీరు చల్లగా ఉంటుంది, బూట్లు విప్పి దాటుదామనే తెలివి వద్దు. నీరు ఎక్కువుంటే అక్కడే గుడారం వేసి కూర్చో, తగ్గుతుంది.

దక్షిణం వైపు నీళ్ళు చాలావరకు యూకాన్ నదిలో కలిసి బేరింగ్ సముద్రానికి పోతాయి, ఉత్తరం వైపువి ఆర్కిటిక్ మహాసముద్రానికి. నీళ్ళను విడదీసే ఆ నడిమి గట్టు ఉత్తరానికి దాటాక స్ప్రూస్ చెట్లు ఇక కనపడవు, విల్లో పొదలే. పుల్లలతో వంట అనుకోకు. స్టవ్ గ్యాస్ మామూలు ప్రయాణికుల విమానాల్లో తేనివ్వరు, చిన్న విమానం ఎక్కే ఊళ్ళోనే కొనుక్కో.

జూన్ చివర, జూలైలో దోమలు అన్నం తిననివ్వవు. ఆగస్టు మధ్యలో వెళ్ళు, మంచు పడ్డా పడుతుంది గానీ నా ఓటు దానికే.

తిండంతా ఎలుగుబంటి తెరవలేని డబ్బాలోనే పెట్టాలి, అది అక్కడి నిబంధన. మీ అమ్మ కట్టిచ్చే ఆవకాయ కూడా అందులోకే. వాతావరణం బాగోకపోతే విమానం రాదు, కాబట్టి మూడు నాలుగు రోజుల తిండి అదనంగా పట్టుకెళ్ళు. తిరిగొచ్చే తేదీ అమ్మకు చెప్పేటప్పుడు ఆ రోజులు కూడా కలిపి చెప్పు.

— పెదనాన్న