బొగ్గు, గంధం: వ్యాసం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ కాలేజీలో కురూపం మీద విశ్లేషణ వ్యాసం రాయమన్నారని నువ్వు పంపిన డ్రాఫ్ట్ చదివానమ్మా. మొదటి పేజీ కొట్టెయ్. "అందం చూసే కళ్ళలో ఉంటుంది" అని రాసేశాక ఆలోచించడానికి నీకేం మిగిలింది? ఆ కళ్ళు ఎవరివి, వాటికి పెత్తనం ఎవరిచ్చారు? అక్కడ మొదలుపెట్టు. నాట్యశాస్త్రం బీభత్సాన్నీ, అంటే ఏవగింపునీ, రసాల్లో చేర్చిందన్న సంగతి మంచిదే, కాస్త వెనక్కి జరుపు.

గంగమ్మ జాతరని రెండు లైన్లలో తేల్చేశావు. అసలు సరుకంతా అక్కడే ఉంది. తిరుపతి పిల్లవి, ఏటా మే నెలలో చూస్తూనే ఉంటావు. తోటి వేషం నాడు మొక్కున్నవాళ్ళు ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని తాతయ్యగుంట గుడికి పోతారు. తర్వాత దొర వేషం. అప్పుడు ఒంటికి పూసేది గంధం. పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు మారువేషాలు వేసిందన్న కథ అందరూ రాసేదే, నువ్వూ రాశావు. ఊరి చాకిరీ చేసే తోటికి బొగ్గేమిటి, దొరకు గంధమేమిటి అని మాత్రం అడగలేదు.

అలాగని కులం అనేసి ఊరుకోకు. ఆ బొగ్గు మొహాన్ని చూసి ఎవరూ ఛీ అనరు, అది అమ్మవారి వేషం. అదే కుర్రాడికి సంబంధాలు చూసేటప్పుడు ఇంట్లో "పిల్ల తెల్లగా ఉండాల" అంటారు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతున్నాయో చెప్పగలిగితే వ్యాసం నిలబడుతుంది.

విదేశీ ఉదాహరణ కావాలన్నావు. అమెరికాలోని షికాగోలో 1881లో ఒక నగర చట్టం తెచ్చారు: చూడ్డానికి వికారంగా ఉన్న వికలాంగులు వీధిలో కనబడితే జరిమానా. దాని గురి ముఖ్యంగా బిచ్చమెత్తుకునేవాళ్ళ మీద. 1974 దాకా అది రద్దు కాలేదు. అక్కడ ఏవగింపు చట్టమై కూర్చుంది. మన దగ్గర పెళ్ళిచూపుల్లో ఏ చట్టమూ లేకుండానే పని జరిగిపోతోంది. పోలిస్తే అలా పోల్చు, ఊరికే అతికించకు. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకున్న సంగతి వదిలెయ్, అది అరిగిపోయింది.

విశ్లేషణ అనగానే టెన్షన్ పడి పెద్ద మాటలు వెతకొద్దు. వేషం కట్టేవాళ్ళ దగ్గర కూర్చో. బొగ్గు ఎవరు నూరుతారు, ఎండకి చెమట పట్టి కారితే ఏం చేస్తారు, ఇంటికెళ్ళి దేంతో కడుక్కుంటారు, అన్నీ అడుగు. బస్సులో ఆ వేషంతో ఎక్కితే పక్క సీటులో ఎవరైనా కూర్చుంటారా అని కూడా.

రెండో డ్రాఫ్ట్ వచ్చే వారం పంపు. చేత్తో రాసి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకు తల్లీ, నాకు చత్వారం. టైపు చెయ్యి.