ఇరవై ఏళ్లు పాడకుండా ఉన్నాక మళ్లీ కచేరీ చేయవచ్చా? గొంతు తిరిగి వస్తుందా?

మీకు 49 ఏళ్లన్నారు. పెళ్లికి ముందు కర్ణాటక సంగీతంలో డిప్లొమా చేసి కొన్ని కచేరీలు ఇచ్చానని, ఆ తర్వాత ఇరవై ఏళ్లు గొంతెత్తలేదని రాశారు. ఇప్పుడు మళ్లీ వేదికెక్కవచ్చా అని మీ ప్రశ్న.

ఎక్కవచ్చండి. నేను సరిగ్గా మీ వయసులోనే మళ్లీ సాధన మొదలుపెట్టి, 51వ ఏట కచేరీ చేశాను. ఇప్పుడు నాకు 56. కానీ పాత గొంతు తిరిగి వస్తుందని మాత్రం ఎదురుచూడకండి. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక ఏడాది వృథా అయ్యేది కాదు.

మాది విజయవాడ. అక్కడే డిప్లొమా చేశాను, రేడియో ఆడిషన్‌లో బి గ్రేడ్ కూడా వచ్చింది. 27 ఏళ్లకు పెళ్లి. తర్వాత బ్యాంకు ఉద్యోగం, బదిలీలు, ఇద్దరు పిల్లలు, మా అత్తగారి అనారోగ్యం. పాడొద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. తంబురా మాత్రం అటకెక్కింది. అలా 22 ఏళ్లు గడిచాయి.

మళ్లీ మొదలుపెట్టిన రోజు నేను చేసిన తప్పు, శ్రుతిపెట్టెను ఐదున్నరలో పెట్టుకోవడం. శ్రుతి అంటే మనం ‘సా’ పెట్టుకునే ఎత్తు, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి వెళ్లాలి. పెళ్లికి ముందు నా శ్రుతి అదే కాబట్టి వేరే శ్రుతి ఆలోచనే రాలేదు. మధ్య స్థాయి బాగానే పలికేది. తార స్థాయిలో, అంటే పై స్థాయిలో, రిషభం దాటాక గొంతు పట్టేసేది. సాధన చాలట్లేదనుకుని రోజుకి ఇంకో అరగంట పెంచాను. రెండు నెలలకు మామూలు మాట కూడా బొంగురుపోయింది. అయినా ఆపలేదు.

దసరాకి మా కాలనీ గుళ్లో పాడమంటే ఒప్పుకున్నాను. మూడో కీర్తన చరణంలో తార గాంధారం అందుకోబోయాను. స్వరం రాలేదు, గాలి వచ్చింది. మైకులో ఆ గాలి చప్పుడు గుడంతా వినిపించింది. వయొలిన్ మీద ఉన్న అబ్బాయి, మా చిన్నవాడి ఈడువాడు, నా వైపు చూడకుండానే ఆ సంగతిని, అంటే ఆ స్వరాల మలుపును, తను వాయించి పల్లవిలోకి తీసుకొచ్చేశాడు. ఆ అబ్బాయి చేసిన మేలు ఎప్పటికీ మర్చిపోను. ఇంటికొచ్చాక నెల రోజులు శ్రుతిపెట్టె ముట్టుకోలేదు.

ఈఎన్‌టీ డాక్టరుకి చూపిస్తే స్వరతంతువులు కొద్దిగా వాచాయని, గడ్డలేవీ లేవని చెప్పారు. నెలసరి ఆగిపోయే వయసులో హార్మోన్లు తగ్గడం వల్ల చాలామంది ఆడవాళ్లకి స్వరతంతువులు మందంగా, పొడిగా అవుతాయట. గొంతు కాస్త కిందికి దిగుతుంది, పై స్వరాలు కష్టమవుతాయి. అందరికీ ఒకేలా ఉండదు. బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం మీరు సాధన ఆపి ముందు డాక్టరుకి చూపించుకోండి. నాలాగా గొంతుతో పోట్లాడకండి.

ఆ తర్వాత మా మాస్టారి దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆయనకి 80 దాటాయి. జరిగింది చెప్పి ఏడ్చాను. ఆయన ఏమీ అనకుండా తంబురా ఒళ్లో పెట్టుకుని, బిరడాలు వదులు చేస్తూ ‘సా పాడు’ అన్నారు. పాడాను. ఇంకొంచెం వదులు చేశారు. మళ్లీ పాడాను. అలా నాలుగైదు సార్లయ్యాక ఒకచోట ఆగి, మంద్ర పంచమం, అంటే కింది స్థాయి పంచమం, పాడించారు, అక్కణ్నుంచి తార గాంధారం దాకా ‘ఆ’ అంటూ అకారంతో రమ్మన్నారు. రెండూ అందాయి. నాలుగున్నర శ్రుతి. అంటే పాత శ్రుతికి రెండే స్వరస్థానాలు కింద. ‘ఐదున్నరలో పాడిన పిల్లకి పాతికేళ్లే అమ్మాయ్, నీకెన్నేళ్లు?’ అన్నారు. గాయకులు ఎం.డి. రామనాథన్ గారు ఎంత తక్కువ శ్రుతిలో, ఎంత విలంబంగా, నెమ్మదిగా పాడేవారో చెప్పి, ‘ఆయన పాటకి ఏం తక్కువైంది?’ అని అడిగారు.

అందుకని మీరు ముందు చేయాల్సింది మీ ఇప్పటి శ్రుతి వెతుక్కోవడం. పాత శ్రుతి నుంచి అర శ్రుతి చొప్పున దించుకుంటూ రండి. మంద్ర పంచమం నిండుగా పలకాలి, తార గాంధారం మెడ నరం లేవకుండా అందాలి. మీకు అది ఐదైనా, నాలుగైనా సరే. శ్రుతి దించుకోవడానికి మనసు ఒప్పుకోదు, ఓడిపోయినట్టు అనిపిస్తుంది. నాకూ అలాగే ఉండేది. కానీ నాలుగున్నరలో నా మంద్ర స్థాయికి ఉన్న నిండుతనం పాతికేళ్ల వయసులో లేదు. తోడి, భైరవి ఇప్పుడే బాగా పాడుతున్నాను, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్న మాట.

సాధన విషయానికొస్తే, శ్రుతి దించుకున్నాక మొదటి ఆరు నెలలు పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు, అంతకు మించి చేయలేదు. ముందు నోరు మూసుకుని ‘మ్’ అంటూ సా నుంచి కింది పంచమం దాకా, తర్వాత అకారం, ఆ పైన మొదట్లో నేర్పే స్వర పాఠాలు, అంటే సరళీలు, జంటలు. డిప్లొమా చేసినవాళ్లకి సరళీలు మళ్లీ పాడాలంటే కష్టంగానే ఉంటుంది, అయినా పాడండి. తర్వాత మోహన రాగ వర్ణం రెండు కాలాల్లో, అంటే మామూలు వేగంలోనూ, దానికి రెట్టింపులోనూ. అంతకంటే పెద్దదైన భైరవి అట తాళ వర్ణం జోలికి ఆరు నెలల దాకా వెళ్లలేదు.

సాహిత్యం మర్చిపోయానని మీరు రాశారు, దానికి భయపడొద్దు. ఒక కల్యాణి కీర్తన చరణం నాకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పల్లవి నుంచి తాళం వేసుకుంటూ పాడుకుంటూ వెళ్తే, చరణం దగ్గరకొచ్చేసరికి మాటలు వాటంతటవే నోట్లోకి వచ్చేశాయి. చెయ్యికి గుర్తుంటుందేమో. ఆలస్యంగా వచ్చేది కల్పన స్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు. ముక్తాయింపు, అంటే ముగింపు లెక్క, పెట్టి ఎడుపు మీద, అంటే పాట ఎత్తుకునే చోట, దిగాల్సినప్పుడు ఏడాది దాకా లెక్క తప్పేది. అందుకే మొదటి కచేరీలో ఒక్క కీర్తనకే స్వరాలు పాడాను.

ఉద్యోగంతో కుదరదేమో అంటారా? సంగీత విద్వాంసులు శ్రీపాద పినాకపాణి గారు వైద్య వృత్తిలో ఉంటూనే గాయకులు నేదునూరి కృష్ణమూర్తి గారి లాంటి శిష్యులని తయారు చేశారు. మనకి కావలసింది రోజుకి 40 నిమిషాలు.

వేదిక దగ్గరికి నేరుగా కచేరీతో వెళ్లకండి. పుష్య బహుళ పంచమికి మీ ఊళ్లో త్యాగరాజ ఆరాధన జరిగే చోట పంచరత్న కీర్తనల గోష్ఠిలో, అంటే బృందగానంలో, కూర్చోండి. నాట రాగంతో మొదలై శ్రీరాగం దాకా అయిదూ నలుగురితో కలిసి పాడతారు. అక్కడి శ్రుతి మీకు ఎక్కువైతే పై సంగతుల దగ్గర ఆగి, మళ్లీ కలవచ్చు. మైకు ముందు కూర్చునే ధైర్యం నాకు అక్కడే తిరిగొచ్చింది. ఒక సభ వాళ్లని అవకాశం అడిగితే ‘ఈ వయసులో ఎందుకమ్మా, పిల్లలకి ఇవ్వాలి కదా’ అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ బాధేస్తుంది. పిల్లలకి ఇవ్వాల్సిందే, కానీ రెండూ చేయవచ్చు. తర్వాత ఒక రామాలయం వాళ్లు గంటంబావు ఇచ్చారు. అదే నా మొదటి కచేరీ.

ఇంకొక ముఖ్యమైన విషయం. శ్రుతి మారింది కాబట్టి మృదంగం వాయించేవారికి కనీసం వారం ముందు ఫోన్ చేసి చెప్పండి. హెచ్చు శ్రుతి మృదంగాన్ని ఎంత దించినా నాలుగున్నరకి నాదం సరిగ్గా రాకపోవచ్చు, వేరేది తెచ్చుకోవాల్సి ఉంటుంది. ఆ రోజు రామాలయంలో మృదంగం ఆయన ఎడమ మూతికి తడి రవ్వ ముద్ద అద్దుతూ, ‘నాలుగున్నరే కదమ్మా?’ అని ఇంకోసారి అడిగారు. అవునన్నాను.

మీరు అప్పట్లో పాడిన శ్రుతి ఏది, ఇప్పుడు ఎక్కడ హాయిగా నిలబడుతోంది అన్నది చూసుకుని చెప్పండి. ఏ వర్ణంతో మొదలుపెడితే బాగుంటుందో నాకు తెలిసినంతలో చెబుతాను.