చిక్కుడుకి బూడిద తెగులా? మందు కొనేముందు ఆకు తిప్పి చూడండి

ప్రశ్న: మాది దుగ్గిరాల దగ్గర పల్లె. అర ఎకరంలో పందిరి చిక్కుడు వేశా. సంక్రాంతి ముందు నుంచి ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లగా వస్తోంది, ఇప్పుడు కాయల మీద నల్ల మచ్చలు కూడా. షాపులో నాలుగు మందులు కలిపి కొట్టమంటే రెండుసార్లు కొట్టా, తగ్గలా. గుంటూరు తీసుకెళ్తే సగం కాయ పక్కన పడేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, మీ పాదుకి ఉన్నది ఒక తెగులు కాదు, రెండో మూడో. ఒక ఆకు కోసి చేతిలోకి తీసుకోండి. పైన తెల్లపొడి వేలితో తుడిస్తే పోతుందంటే అది బూడిద తెగులు. అదే ఆకు తిప్పి అడుగున బొటనవేలు రుద్దండి, ఇటుకపొడిలాంటి రంగు అంటితే తుప్పు తెగులు కూడా మొదలైందని అర్థం. కాయ మీద మచ్చ లోపలికి గుంటపడి, చుట్టూ ముదురు అంచు ఉందా? మంచు ఎక్కువున్న పొద్దున చూస్తే మధ్యలో గులాబీరంగు జిగురు కూడా కనపడొచ్చు, అది పక్షికన్ను తెగులు, దాన్నే ఆంత్రాక్నోస్ అంటారు.

బూడిదకి నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు చాలు. కానీ ఎండెక్కాక కొట్టొద్దు, ఆకు మాడిపోద్ది, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొట్టండి, వేపనూనె కొట్టి రెండు వారాలు దాటకుండా గంధకం జోలికి పోవద్దు. కాయమచ్చకి మాంకోజెబ్ లీటరుకి 2.5 గ్రాములు, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు. చిక్కుడు మనం నాలుగైదు రోజులకోసారి కోసి అమ్ముకునే పంట, కాబట్టి ముందు కాయ కోసేసి తర్వాతే మందు కొట్టండి, మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసుంటది, అన్ని రోజులూ ఆగండి. ఆ కాయ తినేది మన ఊళ్లో పిల్లలే.

అసలు సంగతి విత్తనం దగ్గరుంది. పోయినేడు మీ కాయల్లోంచే దాచారా? మచ్చ లోతుకి దిగితే గింజకే అంటుకుంటది, ఆ గింజ వేస్తే తెగులు కూడా మనమే నాటినట్టు. మచ్చలేని కాయల నుంచే విత్తనం ఉంచండి, కిలోకి 3 గ్రాముల థైరమ్ గానీ కాప్టాన్ గానీ పట్టించి వేయండి. ఇంకోటి, ఆకు తడిగా ఉన్నప్పుడు పందిరి కింద కూలీల్ని దించొద్దు, మనుషుల చేతులకీ బట్టలకీ అంటుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి పోతది. మంచు ఆరాకే కోత. కింది ఆకులు తెంపి గాలాడనివ్వండి, యూరియా తగ్గించండి.

ప్రశ్న: మంగళగిరి వైపు గోరుచిక్కుడు వేశాం. అక్కడక్కడా గుంపులుగా మొక్కలు వడిలిపోతున్నాయి, పీకితే మొదలు కుళ్లి బెరడు ఊడొస్తోంది.

జవాబు: ఇది భూమిలోంచి వచ్చే వేరుకుళ్లు తమ్ముడూ, ఆకు మీద ఏం కొట్టినా వృథా. చచ్చిన మొక్కలు పీకి గట్టు అవతల తగలబెట్టండి, చుట్టుపక్కల మొక్కల మొదళ్లు తడిసేలా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పోయండి, నీళ్లు నిలవకుండా కాలవ తీయండి. వచ్చే పంటకైతే ఇప్పట్నుంచే చూసుకోవాలి: 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (మేలుచేసే బూజు పొడి) కలిపి నీడలో కుప్పపోసి, నీళ్లు చిలకరించి గోనెసంచి కప్పండి. వారం పది రోజులకి కుప్పంతా బూజు అల్లుకుంటది, భయపడొద్దు, అది మన పక్షాన పనిచేసే బూజు. పదును ఉన్నప్పుడు ఎకరానికి చల్లండి. దాంతోపాటే రసాయన మందు పోస్తే ఆ బూజూ చస్తది. ఆ మడిలో వచ్చే ఏడు మళ్లీ చిక్కుడు జాతి వేయకండి.

ప్రశ్న: విజయవాడ పటమటలో మా డాబా మీద చిక్కుడు పాదు. ఆకులు పసుపూ పచ్చా కలిసి మచ్చలు మచ్చలుగా మారాయి, తెగులు మందు కొట్టినా లాభం లేదు.

జవాబు: అమ్మా, అది బూజు తెగులు కాదు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు. ఆ పాదు పీకి కవర్లో కట్టి పడేయండి, మిగతా పాదుల దగ్గర పసుపురంగు జిగురు అట్టలు వేలాడదీయండి, వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు కొంచెం సబ్బు నీళ్లతో కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి.