ఊదారంగు పోని ఫ్లాస్కు

అమ్మా, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేజీలో "పార్శ్వ శృంఖలం ఎంత పొడవున్నా చివరికి బెంజోయిక్ ఆమ్లమే, అదొక మాయ" అని రాసి దాటిపోయావు. నాకు కోపం వచ్చింది. అసలు కథంతా అక్కడే ఉంది.

టోలీన్, ఇథైల్ బెంజీన్, ఐసోప్రొపైల్ బెంజీన్, అన్నీ ఆరు కార్బన్ల బెంజీన్ వలయానికి ఒక పార్శ్వ శృంఖలం, అంటే పక్క గొలుసు, తగిలించినవే. దేన్ని ఊదారంగు క్షార పర్మాంగనేట్‌తో మరిగించి ఆమ్లం కలిపినా వచ్చేది బెంజోయిక్ ఆమ్లమే. వలయాన్ని ఆనుకున్న కార్బన్ మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడొస్తుంది, వలయం ఆసరా ఉంది కాబట్టి. దాడి అక్కడ మొదలై మిగతా గొలుసు తెగిపోతుంది. మరి అక్కడ హైడ్రోజనే లేకపోతే? అలాంటిదే టెర్షరీ బ్యూటైల్ బెంజీన్, దాని పేరైనా ఎత్తలేదు నువ్వు.

ఎమ్మెస్సీలో మా మాస్టారు పేరు చెప్పకుండా నాకో ద్రవం ఇచ్చారు. పక్కవాళ్ల ఫ్లాస్కుల్లో ఊదా పోయి గోధుమరంగు మడ్డి దిగింది. వడగట్టి ఆమ్లం పోస్తే తెల్లటి స్ఫటికాలు. నాది మూడు గంటలు మరిగినా ఊదాగానే ఉంది. తప్పు నాదేననుకుని ఏడ్చాను. ఆయన బోర్డు మీద ఆ కార్బన్ గీశారు: మూడు మిథైళ్లు, అంటే ఒక్కో కార్బన్ ఉన్న గుంపులు, ఒక వలయం. దాని నాలుగు చేతులూ నిండిపోయాయి, హైడ్రోజన్‌కు చోటెక్కడ? నియమం ఆ రోజు అర్థమైంది. నా తొలి వ్యాసంలో ఇదే రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు "జరగని చర్య పాఠకుడికెందుకు" అని ఆ పేరా కొట్టేశాడు. నలభై ఏళ్లయినా ఆ మాట మంట తగ్గలేదు. ఇప్పటి బిట్ల పుస్తకాలదీ అదే దారి.

జరగనిచోట ఆగి చూడాలమ్మా.

"నాన్న పెయింటింగ్ పని నుంచి వస్తే ఇల్లంతా థిన్నర్ వాసన" అన్నావు, ఒకే ఒక్క వాక్యం. దాని దగ్గర చాలాసేపు ఉండిపోయాను. చాలా థిన్నర్లలో టోలీన్ ఉంటుంది. పీల్చిన టోలీన్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం దాని వలయానికున్న ఒకే ఒక్క మిథైల్ దగ్గరే పట్టుకుని బెంజోయిక్ ఆమ్లం చేస్తుంది. గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం జతచేసి, హిప్యూరిక్ ఆమ్లంగా మూత్రంలో పంపేస్తుంది. బెంజీన్‌కు ఆ పిడి లేదు. వలయాన్నే ఆక్సీకరించాల్సి వస్తుంది, అప్పుడు పుట్టే పదార్థాలు ఎముక మజ్జను దెబ్బతీస్తాయి. టోలీన్ కూడా నరాలకు చేటే. అయినా ఒక్క మిథైల్ ఎంత తేడా తెచ్చిందో చూడు.

ఆ వాసనతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. పనిచేసే గదిలో కిటికీలు తీసి ఉంచమని నాన్నగారికి చెప్పు.