ఎండు తెగులును తట్టుకునే టమాట ఎందుకు ఎండింది?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం. ఎండు తెగులును తట్టుకుంటుందని చెబితే, ఒకే రకం టమాటను అదే ఎకరంలో మూడేళ్లుగా వేస్తున్నాను. రెండేళ్లు ఎం.వి.పి. కాలనీ రైతుబజారుకు కాయ బాగానే తెచ్చాను. ఈసారి పూతదశలోనే మొక్కలు ఎండుతున్నాయి. విత్తనం నకిలీదంటారా? పిచికారీకి మందేమైనా ఉందా?

జవాబు: విత్తనాన్ని అప్పుడే అనుమానించకండి. ముందు ఎండుతున్న మొక్కనొకదాన్ని పీకి, కాండాన్ని మొదలు దగ్గర కోసి, కోసిన కొన మునిగేలా గాజు గ్లాసులోని మంచినీటిలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాలవంటి సన్నని దారలు దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆకులు పచ్చగా ఉండగానే మొక్క వాలిపోవడం దాని గుర్తు. దారలు రాకుండా, కాండాన్ని నిలువునా చీల్చితే లోపల గోధుమరంగు చారలు కనిపించి, కింది ఆకులు తరచూ ఒక పక్కనే పసుపుబారి ఉంటే, అది ఫ్యుజేరియం శిలీంధ్రం పని.

ఫ్యుజేరియమే అయితే, మీ చేలో జరిగినది అర్థం చేసుకోదగినదే. టమాటను ఎండబెట్టే ఈ శిలీంధ్రంలో 1, 2, 3 అనే మూడు తెగలున్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే వాటి మధ్య తేడా తెలియదు. తేడా అంతా జన్యువుల్లోనే ఉంది. శిలీంధ్రం విడుదల చేసే ఒక ప్రోటీనును మొక్కలోని నిరోధక జన్యువు గుర్తుపడితేనే మొక్క తనను కాపాడుకుంటుంది. రెండో తెగను ఆపే జన్యువు గుర్తించే ప్రోటీనులో ఒక్క మార్పు వచ్చినా చాలు, శిలీంధ్రం మూడో తెగగా మారి ఆ కాపలాను దాటిపోతుంది. ఒకే రకాన్ని ఏటా వేస్తే, అటువంటి మార్పు ఉన్న కొద్దిపాటి శిలీంధ్రానికే మనం మేత వేసి పెంచినట్టవుతుంది. ఈ శిలీంధ్రంలో లైంగిక దశను ఇంతవరకు ఎవరూ చూడలేదు. అయినా ఒక శిలీంధ్రం నుంచి మరొకదానికి జన్యువులను మోసే క్రోమోజోమే ఏకంగా చేరగలదనీ, దానితో నిరపాయకరమైన శిలీంధ్రం కూడా టమాటకు తెగులు తెప్పించగలదనీ 2010లో వెలువడిన పరిశోధన నిరూపించింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టే సంగతి ఇదే.

నాళాల్లోకి చేరిన ఈ తెగులును పిచికారీ మందు నయం చేయదు, దానికి డబ్బు పోయకండి. ఎండిన మొక్కలను వేళ్లతో సహా పీకి కాల్చివేయండి. దీని బీజాలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి గనుక, ఆ చేలో దున్నిన నాగళ్లను, గొర్రులను మట్టి పోయేలా కడిగాకే వేరే చేలోకి పంపండి. టమాటను ఎండబెట్టే ఈ ఫ్యుజేరియం వంగకు సోకదు గనుక వంగ వేరుపై అంటుకట్టిన టమాట నారు దీనికి మంచి ఉపాయం. గ్లాసులో పాలదారలు దిగితే మాత్రం వంగ, మిరప కూడా ఆ చేలో వేయరాదు, ఎందుకంటే ఆ బాక్టీరియాకు అవి కూడా ఆహారమే.

మళ్లీ విత్తనం కొనేటప్పుడు ఏయే తెగలను తట్టుకుంటుందో అడగండి. కొందరు ఇవే మూడు తెగలకు 0, 1, 2 అని అంకెలు వేస్తారు. ఆ పద్ధతిలో 0, 1 అని ఉన్న ప్యాకెట్టు మూడో తెగను ఆపదు.