టారగోనా పాతబస్తీలో నడవబోయే ముందు: అమ్ములుకి పెద్దమ్మ

అమ్ములూ,

బార్సెలోనాలో నీ కాన్ఫరెన్స్ అయ్యాక ఒక రోజు మిగులుతుందనీ, అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని టారగోనా వెళ్లి అక్కడి రోమన్ పాతబస్తీలో గైడ్‌తో నడుద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. మంచి పని చేస్తున్నావు. బార్సెలోనాలోనూ రోమన్ గోడలున్నాయి గానీ, ఆ జనంలో వాటిని చూసే తీరిక ఎక్కడ? మేం స్పెయిన్‌లో ఉన్నన్నాళ్లూ ఇండియా నుంచి వచ్చిన ప్రతి చుట్టాన్నీ టారగోనా మెట్లెక్కించిన మనిషిని నేను, అందుకే అడక్కపోయినా చెప్తున్నా.

అన్నిటికంటే ముందు, ఊరి వాలు మనసులో పెట్టుకుని వెళ్లు. చక్రవర్తుల పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. పాతబస్తీ, వాళ్లు పార్ట్ ఆల్టా అంటారు, కొండ మీద మూడు అంతస్తులుగా నేలను చదును చేసి కట్టింది. అన్నిటికంటే పైన గుడి, దాని కింద రాష్ట్ర వ్యవహారాలు నడిచిన పెద్ద బహిరంగ ప్రాంగణం, అదే ఫోరమ్, ఇంకా కింద రథాల పందేలు జరిగిన సర్కస్. గుడి ఉన్న చోట ఇప్పుడు కేథడ్రల్ ఉంది, ఫోరమ్ మీద ఇళ్లూ చిన్న చిన్న చౌకులూ ఉన్నాయి, సర్కస్ మీద హోటళ్లూ మునిసిపల్ ఆఫీసూ ఉన్నాయి. గైడ్ ఏ సందులో నిలబెట్టి ఏం చెప్తున్నా "మనం ఇప్పుడు ఏ అంతస్తులో ఉన్నాం" అని ఒక్కసారి అనుకో, చెప్పింది చెప్పినట్టు బుర్రలో కూర్చుంటుంది. లేదంటే గంట తిరిగేసరికి అన్నీ ఒకే రకం రాళ్లనిపిస్తాయి, మామయ్యగారు కాఫీ ఎక్కడ దొరుకుతుందని మొదలుపెడతారు. వీలైతే టూర్ కంటే ముందే ప్లాసా దెల్ పల్లోల్ దగ్గర పెట్టిన రోమన్ కాలపు ఊరి నమూనా చూడండి. బొమ్మ ఊరిలా మొత్తం కళ్ల ముందుంటుంది, అత్తయ్యగారికి నువ్వు విడిగా వివరించే పని తప్పుతుంది.

టూర్ ఏది ఎంచుకోవాలంటే, రివ్యూల్లో నక్షత్రాలు లెక్కపెట్టడం కంటే మూడు సంగతులు మెయిల్ పెట్టి అడుగు. గుంపులో ఎంతమంది, ఏ భాషలో చెప్తారు (కాటలాన్, స్పానిష్, ఇంగ్లీషు కలిపి చెప్పే టూర్‌లో సగం సేపు నిలబడటమే సరిపోతుంది), సర్కస్ సొరంగాల్లోకి నిజంగా తీసుకెళ్తారా లేక బయటి నుంచే చూపించి పంపిస్తారా. చివరిది ముఖ్యం. టిప్పులతో నడిచే "ఫ్రీ" టూర్లలో చాలావాటికి లోపలి టిక్కెట్లుండవు. అవి చెడ్డవని కాదు, కొందరు గైడ్లు అద్భుతంగా చెప్తారు, కానీ లోపల చూడాల్సింది మళ్లీ మీరే విడిగా చూసుకోవాలి. టిప్పు ఎగ్గొట్టి జారుకోవద్దు, అదే వాళ్ల జీతం.

ఇప్పుడు సర్కస్ సంగతి. నాకైతే ఆ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర్లో డొమీషియన్ చక్రవర్తి కాలంలో కట్టారు, పొడవు సుమారు 325 మీటర్లు, దాదాపు 30,000 మంది కూర్చునేవాళ్లంటారు. అంత పెద్ద కట్టడం మాయమైపోలేదు, జనం దాన్నే వాడేసుకున్నారు. మెట్ల కింద బరువు మోయడానికి కట్టిన కమాను గదుల్లో మధ్యయుగం నుంచీ కాపురాలు పెట్టారు, దుకాణాలు పెట్టారు, గోడలకు గోడలు కలుపుకుంటూ పోయారు. ప్లాసా దె లా ఫాంత్ అనే పొడవాటి చౌకు చూస్తావు, చుట్టూ హోటళ్లు, ఒక చివర మునిసిపల్ ఆఫీసు. గుర్రాలు పరిగెత్తిన నేల అదే. అక్కడ కుర్చీలు బయటే వేస్తారు గానీ మీరు చేతులు కడుక్కునే వంకతో లోపలికి వెళ్లండి, కొన్ని హోటళ్లలో వెనక గది పైకప్పు అసలైన రోమన్ కమానే. సున్నంలో రాళ్ల ముక్కలు కలిపి పోసిన కాంక్రీటు, గరుగ్గా, నల్లబడి, దాని కింద ఫ్రిజ్జూ బీరు పెట్టెలూ. మ్యూజియంలో అద్దం వెనక చూసేదానికంటే ఇది నూరు రెట్లు నయమని నా అభిప్రాయం.

పక్కనే ప్రెటోరి బురుజు. కింది ఊరి నుంచి ఫోరమ్‌కి ఎక్కే మెట్లు ఇందులోనే ఉండేవి. తర్వాత రాజుల కోట అయింది, గత శతాబ్దంలో జైలు కూడా అయింది. పై నుంచి మూడు అంతస్తులూ, సముద్రమూ ఒకేసారి కనిపిస్తాయి కాబట్టి ఇది వదలొద్దు. ఇక్కడే ఏదో ఒక గైడ్, ఏసుకి శిక్ష వేసిన పిలాతు ఈ ఊళ్లోనే పుట్టాడని చెప్తాడు. సరదాగా విను, నమ్మక్కర్లేదు. "ఇందులో కథెంత, తవ్వకాల్లో దొరికిందెంత" అని మర్యాదగా అడిగి చూడు, మంచి గైడ్ అయితే ఆ ప్రశ్నతో ముఖం వెలిగిపోతుంది.

రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ గురించి ఎలాగూ చెప్తారు. క్రీ.పూ. 26-25లో ఒంట్లో బాగోక ఇక్కడే ఉండిపోయాడు, అంటే అంత రోమ్ రాజ్యమూ కొన్నాళ్లు ఈ ఊరి నుంచే నడిచింది. ఊరివాళ్లు ఆయనకో బలిపీఠం కట్టారు, దాని మీద తాటి జాతి మొక్క ఒకటి మొలిచిందట. శుభశకునమని సంబరంగా కబురు పంపితే, "మీరు దాని మీద నిప్పు ఎంత తరచుగా వెలిగిస్తున్నారో దీంతో తెలిసిపోయింది" అన్నాడట ఆయన. గైడ్ చెప్పకపోతే నువ్వు చెప్పు, మామయ్యగారు పడీ పడీ నవ్వుతారు.

కేథడ్రల్ దగ్గర సందుల్లో గోడలు చూస్తూ నడవండి. కాసా దెల్ దెగా అనే పాత ఇంటి గోడలో హీబ్రూ అక్షరాలున్న సమాధి రాళ్లు కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడున్న యూదులవి. రోమన్ శాసనపు రాళ్లు కూడా ఇలాగే ఇళ్ల గోడల్లో ఇమిడిపోయాయి. ఎవరి రాయి ఎవరింట్లో చేరిందో గైడ్లు హడావిడిలో దాటేస్తారు, నువ్వు ఆపి అడుగు.

ఊరి గోడ చూడటానికి పాసేజ్ ఆర్కియోలోజిక్ అని ఒక దారి ఉంది, చెట్ల నీడన, నడక హాయిగా ఉంటుంది. క్రీ.పూ. 218లో కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో జరిగే యుద్ధానికని గ్నేయస్ సిపియో అనే రోమన్ సేనాని ఇక్కడ దండు దిగాడు, ఆ దండు చుట్టూనే ఊరు పెరిగింది, గోడ కూడా ఆ తర్వాతి దశాబ్దాల్లోదే. అడుగున చెక్కని బండలు, మనిషి ఎత్తుని మించినవి కూడా ఉంటాయి. వాటి పైన చక్కగా చెక్కిన దిమ్మలు. ఆ దిమ్మల మీద కొన్నిచోట్ల గీతలు, కొంకీల్లాంటి గుర్తులు కనిపిస్తాయి. రోమన్ అక్షరాలు కావవి, రోమన్ల కంటే ముందు నుంచీ అక్కడున్న ఐబీరియన్ల లిపి. గోడ కట్టించింది రోమన్లే అయినా రాళ్లు కొట్టింది స్థానికులని దానివల్లే తెలుస్తుంది. ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం బాగా కనిపిస్తాయి.

యాంఫీ థియేటర్, అంటే చుట్టూ మెట్లున్న గోదా, మటుకు పాతబస్తీకి బయట, సముద్రం ఒడ్డున ఉంది. రెండో శతాబ్దం నాటిది. క్రీ.శ. 259లో ఫ్రుక్టుయోసస్ అనే బిషప్పునీ ఆయన సహాయకులైన ఇద్దరు డీకన్లనీ ఇక్కడే సజీవంగా తగలబెట్టారు, తర్వాత వాళ్ల జ్ఞాపకంగా ఆ గోదా మధ్యలోనే చర్చి కట్టారు, ఆ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. అత్తయ్యగారిది మాచర్ల కదా, ఆవిడకి ఇక్కడ వేరే పరిచయం అక్కర్లేదు. నాగార్జునకొండలో దొరికిన ఇటుక మెట్ల క్రీడాప్రాంగణాన్ని డ్యామ్ కట్టేటప్పుడు అనుపులో మళ్లీ నిలబెట్టారు, ఆవిడ చిన్నప్పుడు స్కూలు వాళ్లతో వెళ్లే ఉంటారు. అదే నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు కూడా బయటపడ్డాయని చెప్పు. రెండు ఊళ్లకీ మధ్య వర్తకుల చేతులు ఎన్ని మారితే ఆ బంగారం కృష్ణ ఒడ్డుకి వచ్చిందో ఆవిడే మీకు లెక్కగట్టి చెప్తారు.

ఇంక సాధకబాధకాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని కింద సముద్రం పక్క స్టేషన్ నుంచి పైకి నడిపించకు. టాక్సీలో కేథడ్రల్ దాకా వెళ్లి అక్కడి నుంచి కిందికి దిగుతూ చూడండి, టూర్ వేరే చోట మొదలైతే మధ్యాహ్నం కలిసే ఏర్పాటు చూసుకో. చెప్పులు అడుగు గరుగ్గా ఉన్నవి వేసుకోమను, సందుల్లో రాళ్లు నున్నగా అరిగి జారుతాయి. జులై, ఆగస్టుల్లో అయితే పొద్దున టూరే తీసుకో. సోమవారం చాలా కట్టడాలు మూసేస్తారు, ఆదివారం కూడా మధ్యాహ్నం తర్వాత తెరిచి ఉంటాయో లేదో ముందే చూసుకో. మే నెలలో వెళ్లేట్టయితే తార్రాకో వీవా ఉత్సవం తేదీలు చూడు, రోమన్ సైనికుల వేషాలు వేసుకుని నిజంగా కవాతు చేస్తారు, పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ సంబరపడతారు. భోజనాలు ఒంటిగంట దాటితే గానీ పెట్టరు కాబట్టి సంచిలో బిస్కెట్లూ పళ్లూ ఉంచు. శాకాహారానికి టెన్షన్ పడకు, టమాటా రుద్దిన రొట్టె, కాల్చిన వంకాయా క్యాప్సికమ్‌తో చేసే ఎస్కలీవాద ఎక్కడైనా దొరుకుతాయి.

రైలు టిక్కెట్టు దగ్గర మాత్రం జాగ్రత్త. హైస్పీడ్ రైలు ఆగేది కాంప్ దె టారగోనా అనే స్టేషన్లో, అది ఊరికి పది కిలోమీటర్ల అవతల. బార్సెలోనాలోని సాన్స్ స్టేషన్లో ఒడ్డు వెంట వెళ్లే మామూలు రీజనల్ రైలెక్కండి, గంట పైచిలుకు పడుతుంది, ఊళ్లోనే దింపుతుంది. వెళ్లేటప్పుడు అత్తయ్యగారిని ఎడమవైపు కూర్చోబెట్టు, సముద్రం అటే.

మీ పెద్దమ్మ