బల్ల ఎవరికీ ఇవ్వకు చిన్నీ

చిరంజీవి చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు. బాల్కనీని అద్దాలతో మూయించి రాసుకునే గది చేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఉద్యోగం, పిల్లాడు, ఇల్లు... ఇవి చాలవా అక్కా దీనికి" అని దాని టెన్షన్ దానిది. నాకైతే ఎంత సంతోషం వేసిందో! రాసుకోవడానికి నాకంటూ ఒక చోటు కావాలని మన ఇళ్ళలో ఆడపిల్ల నోరు తెరిచి అడగడం నేను వినడం ఇదే మొదటిసారి. గర్వంగా ఉంది. ఆ వెనకే భయం కూడా పట్టుకుంది. అందుకే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా రాస్తున్నాను.

ముందు ఆ బాల్కనీ సంగతి. అది పడమటి వైపు. మొన్న వేసవిలో సాయంత్రం అక్కడ నిలబడితే నాకు కళ్ళు తెరవడానికి రాలేదు. అద్దాలు బిగించావంటే మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం రెండు దాటాక లోపల కూర్చోలేవు. ఎండ నలభై డిగ్రీలు దాటే ఊరు మనది. వానాకాలం వస్తే జల్లు కూడా అటు నుంచే కొడుతుంది. కిటికీ చట్రాల సందుల్లోంచి నీళ్ళు దిగుతాయి. పైగా అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోవాలి. ఆ డబ్బు దాచుకో. మీ రెండో బెడ్‌రూంలో బీరువా పక్కన తూర్పు కిటికీ ఉంది చూడు, అక్కడ నాలుగడుగుల బల్ల పడుతుంది. వెలుగు ఎడమ చేతి వైపు నుంచి పడేలా వేసుకో. కుర్చీ మంచిది కొను. మిగతావి నీకు తెలిసినవే.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. బాగ్‌లింగంపల్లి అత్తయ్య కథలు రాసేదని నీకు తెలుసా? తెలియదు. మీ పిల్లల్లో ఎవరికీ తెలియదు.

వదిన కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి సొరుగున్న చిన్న టేకు బల్ల తెచ్చుకుంది. ముందు గదిలో కిటికీ కింద వేయించుకుంది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, నల్లా వచ్చేలోపు అక్కడ కూర్చుని రాసేది. నేను అప్పుడు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఆదివారం వాళ్ళింటికి వెళ్తే చదివి వినిపించేది. నల్లా దగ్గర బిందెల వరస కోసం పోట్లాడుకునే తోటికోడళ్ళ కథ ఒకటుండేది. కింది వాటా వాళ్ళ మాట తీరు, పై వాటా ముసలమ్మ దగ్గు, అన్నీ అందులో ఉండేవి. నవ్వించి నవ్వించి చివరికి ఏడిపించేది. పత్రికకు పంపు వదినా అంటే, "ఇంకాస్త బాగుచేసి పంపిస్తాలే" అనేది.

ఆ బల్ల ఎలా పోయిందో విను. మీ చిన్న మామయ్యకు ఇంటర్ పరీక్షలు. "రెండు నెలలే కదా" అని తనే ఖాళీ చేసి ఇచ్చింది. పరీక్షలయ్యాయి, దాని మీదికి కుట్టుమిషన్ ఎక్కింది. తర్వాత టీవీ కొన్నారు. స్టాండు కొనేదాకా దాని మీద పెడదామన్నారు. స్టాండు ఎప్పటికీ కొనలేదు. సొరుగులో కరెంటు బిల్లులు, స్క్రూడ్రైవర్లు చేరాయి. ఆమెను ఎవరూ లేవగొట్టలేదు చిన్నీ. రాయొద్దని ఒక్కరూ అనలేదు. అన్నయ్య చాలా మంచివాడు, అడిగితే ఆ రోజే స్టాండు తెచ్చేవాడు. ఆమె అడగలేదు. ప్రతిసారీ "పర్లేదు, మంచం మీద కూర్చుని రాసుకుంటా" అంది. కొన్నాళ్ళు మంచం మీద, కొన్నాళ్ళు వంటింటి గట్టు మీద రాసింది. చివరికి పిల్లలు పెద్దయ్యాక తీద్దామని నోటుబుక్కులన్నీ ట్రంకు పెట్టెలో సర్ది మంచం కిందికి తోసేసింది.

2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే నాలా పొంగి ఇళ్ళలోకి వచ్చేసింది. వాళ్ళది గ్రౌండ్ ఫ్లోర్. బియ్యం డబ్బా, పిల్లల స్కూలు పుస్తకాలు, గ్యాస్ సిలిండర్ పైకి మోసుకెళ్ళారు. ట్రంకు ఎవరికీ గుర్తు రాలేదు. తనకే గుర్తు రాలేదట. బురద ఎత్తిపోశాక తెరిచి చూస్తే ఇంకు పెన్నుతో రాసినవన్నీ నీలం నీళ్ళయిపోయాయి. అంటుకుపోయిన కాగితాలను కంగారులో వేళ్ళతో విడదీయబోతే చిరిగాయి. మిగిలినవి మేడ మీద ఎండలో పెడితే అట్టకట్టుకుపోయాయి. బాల్‌పెన్నుతో రాసిన ఒక్క నోటుబుక్కు మాత్రం చదవడానికి వచ్చింది. ఆ వరదకే అక్కడికి దగ్గర్లో ఉన్న సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉర్దూ పుస్తకాలు ఎన్నో తడిసి పాడయ్యాయి. దాని గురించి ఊరంతా బాధపడ్డారు. వదిన ఇంట్లో ఫ్రిజ్ గురించి మాట్లాడారు, పరుపుల గురించి మాట్లాడారు. నోటుబుక్కుల మాట ఎవరూ ఎత్తలేదు.

వరదలో పోయాయని వదిన అంటుంది. నేను ఒప్పుకోను. ఆ ఇంట్లోకి వచ్చిన నీళ్ళు మోకాలి దాకానే. సొరుగులో ఉన్న కరెంటు బిల్లులు ఒక్కటీ తడవలేదు.

ఇప్పుడు నీ సంగతి. అడక్కముందే ఇచ్చేసే పిల్లవి నువ్వు. టెన్త్‌లో ఉన్నప్పుడు నీ గది తమ్ముడికిచ్చి హాల్లో టీవీ మోతలో చదువుకున్నావు. అందరూ మెచ్చుకున్నారు, నాకు ఒళ్ళు మండింది. ఎండాకాలం మీ ఆడపడుచు పిల్లలు వస్తారు. ఇస్త్రీ బట్టలు ఎక్కడ పెట్టాలో తెలియక ఎవరో ఒకరు నీ బల్ల మీద పెడతారు. అల్లుడుగారు "ఈ ఒక్క వారం ఇక్కడ కాల్స్ చేసుకోనా" అంటారు. వద్దని చెప్పు. నవ్వుతూనే చెప్పు, కానీ చెప్పు. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా అమ్మ రాసుకుంటుందని ఇంట్లో అందరికీ ముందే తెలియాలి. బుజ్జిగాడు వచ్చి ఒళ్ళో కూర్చుంటే తిట్టకు, వాడికి పక్కన ఒక పీట వేసి రంగు పెన్సిళ్ళు ఇవ్వు. ఇల్లు మరీ నిండిపోతే బల్లను అలాగే ఉంచి నువ్వే బయటికి వెళ్ళు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, కాకపోతే గ్రూప్స్‌కు చదివే పిల్లలతో నిండి ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి. సుల్తాన్‌బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం ఉంది. తెలుగు పుస్తకాల మధ్య కూర్చోవచ్చు.

కాగితాలు నేల మీద, మంచం కింద, సజ్జ మీద పెట్టకు. ఐదో అంతస్తుకు వరదేమిటి పెద్దమ్మా అంటావు. పై ఫ్లాట్ బాత్రూం కారితే చాలదా? నడుమెత్తు అరలో, గోడకు ఆనకుండా పెట్టు, చెదలు కూడా ఎక్కవు. ఇంకు పెన్నుతో రాసే అలవాటుంటే ఏ రోజు పేజీ ఆ రోజు ఫోటో తీసుకో. కంప్యూటర్‌లో రాసింది ఇంకో చోట కూడా ఉండాలి. ఒకవేళ ఏదైనా తడిస్తే విడదీయకు, ఎండలో పెట్టకు, నీడలో ఫ్యాను కింద నిలబెట్టు. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. వెంటనే ఆరబెట్టడం కుదరకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో పడెయ్. తడిసిన పుస్తకాలను లైబ్రరీల వాళ్ళు కూడా అలాగే ఆపుతారు. ఈ సంగతి ఆ రోజు మాలో ఒక్కరికైనా తెలిసి ఉంటే బాగుండేది.

ఆ మిగిలిన నోటుబుక్కు ఇప్పటికీ వదిన దగ్గరే ఉంది. నాకు చూపించదు. నువ్వు రాస్తున్నావని చెప్పి అడుగు, నీకు ఇస్తుందనిపిస్తోంది. తోటికోడళ్ళ కథ అందులో ఉందేమో చూడు. ఉంటే నాకు చదివి వినిపించాలి. ఈ ఆదివారం పదకొండులోపు వెళ్ళు, తర్వాత పడుకుంటుంది. షుగర్ ఉంది కాబట్టి స్వీట్లు వద్దు, జామకాయలు పట్టుకెళ్ళు.

కిటికీ గోడ వెడల్పు కొలిచి ఫోన్ చెయ్యి. బల్ల డబ్బులు నేనిస్తాను, కాదనకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ